నాలుగో జ్వరం

డాక్టరమ్మ వచ్చి తలుపు తోసేసరికి మాస్టారు తన ఆఫీసులో కోటుకు గుండీ కుట్టుకుంటున్నారు. ఒకప్పుడు బళ్లో లెక్కలు చెప్పి, ఆ తర్వాత డిటెక్టివ్ అయిన మనిషి ఆయన. పక్కనే కత్తెర పట్టుకుని నిలబడ్డవాడు ఆయన అసిస్టెంటు. అందరూ గుమాస్తా అనే పిలుస్తారు. నలభై దాటిన బ్రహ్మచారి, మాస్టారు ఏం చెప్పినా నోరు తెరుచుకుని వింటాడు. ఆఫీసుకు సెలవు కాబట్టి ఆదివారమంటే అతనికి గిట్టదు.

"కూర్చోమ్మా" అన్నారు మాస్టారు.

ఆవిడ కూర్చోలేదు. చేతిసంచీని గుండెలకు హత్తుకుని, "నా మందులో ఎవరో ఏదో కలుపుతున్నారండీ. రేపటికల్లా మీరు పట్టుకోకపోతే నా పదకొండేళ్ల కష్టం మట్టిపాలవుతుంది" అంది.

"ఏం మందమ్మా?"

"అణుబాంబు పడినా, ఎవడో దుర్మార్గుడు జనం మధ్య రేడియేషన్ వెదజల్లినా, అప్పటికప్పుడు పోయేవాళ్లు పోగా మిగిలినవాళ్లు ముందు బాగానే కనిపిస్తారు. కానీ ఎముకల్లో మజ్జ దెబ్బతిని, తెల్ల రక్తకణాలు తయారవడం ఆగిపోతుంది. కొన్ని వారాలకి చిన్న పుండో, కాస్త దగ్గో ప్రాణం తీసేస్తుంది. నా మందు ఆ మజ్జని మళ్లీ పనిలోకి దింపుతుంది. జంతువుల్లో దింపింది కూడా."

"మరి మనుషుల్లో?"

"మనుషులకి రేడియేషన్ పెట్టి చూడలేం కదండీ! ఆరోగ్యంగా ఉన్నవాళ్లకిచ్చి, హాని లేదని తేల్చాలి. నలుగురు ఒప్పుకుని వచ్చారు. రెండు వారాలుంచి శనివారం పంపేద్దామనుకుంటే, శుక్రవారం ఒకరికి జ్వరం వచ్చింది. ఎవరికి జ్వరమొచ్చినా నలుగురినీ ఇంకో వారం ఉంచాలని రూలు. మళ్లీ శుక్రవారం ఇంకొకరికి. ఆ పై శుక్రవారం మరొకరికి. నాలుగో మనిషికి కూడా వస్తే ప్రయోగం ఆపెయ్యాలి. రేపు మళ్లీ శుక్రవారం!"

"ఎవరి మీద అనుమానం?"

"ఫార్మసిస్టు మీద. మందు కలిపేది అతనే, తాళంచెవి అతని దగ్గరే. నా పోస్టు వాళ్ల మరదలికి రావాల్సిందట. ఆరేళ్లుగా నాతో మాటల్లేవు."

మాస్టారు దారం కొరికి తెంపారు. కోటు తొడుక్కుని బయల్దేరారు.

ఆ నలుగురినీ ఉంచిన వార్డు ఆస్పత్రి పై అంతస్తులో, కారిడార్ చివర ఉంది. నాలుగు చిన్న గదులు, మధ్యలో ఒక హాలు. హాల్లో పొడుగాటి బల్ల, దాని మీద క్యారమ్ బోర్డు, వేడినీళ్ల ఫ్లాస్కు, నాలుగు గ్లాసులు. కిటికీ తెరలకు ఎవరో పొందికగా అంచు కుట్టారు. ఆస్పత్రిలో అంత ఇల్లులాంటి చోటు గుమాస్తా ఎప్పుడూ చూడలేదు. నిజానికి తన ఇల్లు కూడా అలా ఉండదు.

ముందు ఫార్మసిస్టును పిలిచారు. మనిషి ముక్కు మీద కోపం పెట్టుకునే వచ్చాడు.

"తేడా తెలియడానికి నలుగురిలో ఒకరికి మందు కాదు, ఉత్త సెలైన్ ఇస్తాం. అది ఎవరికో నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు. చచ్చినా చెప్పను."

"అడగను లెండి. డాక్టరమ్మతో మాటలు మానేశారట?"

"నేనా? ఆవిడే మానేసింది!"

తర్వాత నర్సు వచ్చింది.

"రోజూ పదింటికి, నాలుగింటికి చూస్తానండీ. హాల్లో కూర్చున్నవాళ్లని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, థర్మామీటరు నోట్లో పెట్టి, నాడి పట్టుకుంటా. ఎలా ఉన్నారు, నిద్ర పట్టిందా, ఏమైనా తిన్నారా, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగి రాసుకుంటా."

"రోజుకి రెండుసార్లు, నలుగురినీ?"

"రాయకపోతే డాక్టరమ్మ ఊరుకుంటుందా?"

ఆ నలుగురినీ కలవడానికి ఎంతోసేపు పట్టలేదు. మొదటి జ్వరం లారీ డ్రైవరుది. "మా ఆవిడా పిల్లలూ కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్నారు సార్, తొందరగా పంపించెయ్యండి" అన్నాడు. రెండోది లిఫ్టు ఆపరేటరుది. "మా ఇంట్లో పదకొండు మందిమి. కాలు చాపుకునే చోటుండదు. ఇక్కడ హాయిగా పడుకుంటున్నా" అని నవ్వాడు. మూడోది దర్జీది. అతను అన్నిటికీ తలూపడం తప్ప మాట్లాడలేదు. జ్వరం రానిది టైపిస్టుగా చేసి మానేసిన ఒకావిడకే. ఆవిడ ప్రశ్నలన్నిటికీ బదులిచ్చి, గుమాస్తా వైపు తిరిగి, "భోంచేశావా నాయనా?" అంది.

గుమాస్తాకు ఆ మాట తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో లెక్క తేలలేదు.

మాస్టారు చార్టులు తెప్పించారు. గుమాస్తా నోటుబుక్కులోకి ఎక్కించాడు. ముగ్గురికీ జ్వరం నూటొకటి దాటింది. ఆ పూట నాడి మాత్రం డెబ్బై రెండు, డెబ్బై, డెబ్బై నాలుగు. తెల్లకణాలు టైపిస్టు ఆవిడకీ, డ్రైవరుకీ, లిఫ్టు ఆపరేటరుకీ మూడింతలు పెరిగాయి. దర్జీకి పెరగనే లేదు. వెళ్లేటప్పుడు మాస్టారు వార్డు బయట ఉన్న సందర్శకుల పుస్తకం తిరగేసి, ఏమీ అనకుండా మూసేశారు.

"ఫార్మసిస్టే సార్, సందేహం లేదు" అన్నాడు గుమాస్తా మెట్లు దిగుతూ.

"తెల్లకణాలు పెరగలేదంటే దర్జీకి పడుతున్నది సెలైనే. మరి అతనికి జ్వరమెందుకొచ్చిందోయ్?"

"అందులోనూ ఏదో కలిపాడేమో!"

"సరే, కలిపాడనుకో. నాడి సంగతేంటి?"

గుమాస్తా బుర్ర గోక్కున్నాడు.

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు అందరూ హాల్లో కూర్చున్నారు. డాక్టరమ్మ ఒక చివర, ఫార్మసిస్టు ఇంకో చివర. బల్ల మీద ఫ్లాస్కు లేదు. టైపిస్టు ఆవిడ చూపు ఒకటికి రెండుసార్లు ఆ ఖాళీ చోటికి వెళ్లివచ్చింది.

"ఫ్లాస్కు నేనే తీయించానమ్మా" అన్నారు మాస్టారు. "ఒంట్లో నిజంగా అంత జ్వరముంటే గుండె వేగంగా కొట్టుకోవాలి. ఈ ముగ్గురికీ నాడి పరుగెత్తలేదు. అంటే జ్వరం ఒంట్లో లేదు, నోట్లోనే ఉంది. నర్సు పిలిచేముందు ఓ గుక్క వేడినీళ్లు పుక్కిట పట్టి, మింగి, లోపలికెళ్తే చాలు. మందులో ఎవరూ ఏమీ కలపలేదు."

"చూశారా మాస్టారూ!" అన్నాడు ఫార్మసిస్టు.

"కాస్త ఆగండి. ఒక్కరు చేస్తే ఆకతాయితనం అనుకోవచ్చు. పంపించేముందు రోజే, ఒకరి తర్వాత ఒకరు చేశారంటే వంతులు వేసుకున్నారని అర్థం. ఒకరికి జ్వరమొస్తే నలుగురికీ ఇంకో వారం. ఈవేళ మీ వంతు, కదమ్మా?"

ఆవిడ తల దించుకుంది. "అవును బాబూ."

"ఎందుకు?" డాక్టరమ్మ లేచి నిలబడింది. "డబ్బుకా?"

"మొదటి రెండు వారాల తర్వాత వీళ్లకి పైసా లేదని మీ కాగితాల్లోనే ఉంది" అన్నారు మాస్టారు. "ఐదు వారాల సందర్శకుల పుస్తకం చూశాను. ఒక్క పేరు లేదు. నలుగురి కోసం ఒక్కరు కూడా రాలేదు."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికి వాళ్లు, వచ్చేవాళ్లు లేనిది తమకొక్కరికేనని అనుకున్నారు. మిగతావాళ్ల చుట్టాలు తాము చూడని వేళ వచ్చి వెళ్తున్నారని నమ్మారు.

"మా ఆవిడ వెళ్లిపోయి మూడేళ్లయింది" అన్నాడు డ్రైవరు నేలచూపులు చూస్తూ.

"ఆ పదకొండు మందీ పక్కింటివాళ్లు. గోడలోంచి వినపడతారు" అన్నాడు లిఫ్టు ఆపరేటరు.

"మా అబ్బాయికి సెలవు దొరకలేదు గానీ, లేకపోతే వచ్చేవాడే" అంది టైపిస్టు ఆవిడ.

అప్పుడు దర్జీ నోరు విప్పాడు. "రోజుకి రెండుసార్లు చెయ్యి పట్టుకుని ఎలా ఉన్నావని అడుగుతారమ్మా. ఇంట్లో ఎవరడుగుతారు?"

నర్సు మొహం పక్కకు తిప్పుకుంది. గుమాస్తా కళ్లు కూడా చెమర్చాయి. అతనికి దాచుకోవాలనిపించలేదు.

"నా మందు చచ్చిపోయేది! తెలుసా మీకు?" అంది డాక్టరమ్మ.

"జ్వరం మాకొచ్చినట్టు రాస్తారనుకున్నామమ్మా" అన్నాడు డ్రైవరు. "మందు మీద రాస్తారని తెలీదు."

మాస్టారు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచి, పక్కన పెన్ను పెట్టారు. "జరిగింది ఇందులో రాశాను. మీరు కాదంటే నా దగ్గర లెక్కలే తప్ప సాక్ష్యం లేదు. మూడు జ్వరాలూ మందు నెత్తినే పడతాయి. సంతకం పెడితే మందు బతుకుతుంది. కానీ ఇలాంటి ప్రయోగానికి మిమ్మల్ని ఇక ఏ ఆస్పత్రీ పిలవదు."

"ఇక్కడికి కూడా రాకూడదా?" అన్నాడు దర్జీ.

"రాకూడదు."

పెన్ను బల్ల మీదే పడి ఉంది. ఎవరూ తీసుకోలేదు. డాక్టరమ్మ ఆ పెన్ను వైపే చూస్తోంది. ఆవిడ పదకొండేళ్లూ ఇప్పుడు ఆ నలుగురి దయ మీద ఉన్నాయి.

టైపిస్టు ఆవిడ అడిగింది. "ఈ మందు ఎవరికిస్తారమ్మా? వాళ్లెలా ఉంటారు?"

డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. "తెల్లకణాలు లేనివాళ్లని విడిగా గదిలో పెట్టాలండీ. బయటి మనుషుల్ని రానివ్వకూడదు. అయినవాళ్లైనా అద్దం అవతల నుంచి చూడాల్సిందే. కణాలు పెరిగేదాకా అంతే. ఈ మందుంటే త్వరగా పెరుగుతాయి."

"అంతవరకూ ఒక్కళ్లేనా?"

"ఒక్కళ్లే."

ఆవిడ పెన్ను తీసుకుంది. ఆవిడ తర్వాత దర్జీ, దర్జీ తర్వాత డ్రైవరు, ఆఖరున లిఫ్టు ఆపరేటరు సంతకాలు పెట్టారు. డాక్టరమ్మ కాగితం అందుకుని ఫార్మసిస్టు వైపు తిరిగింది. "తప్పు నాదండీ" అంది. ఆరేళ్ల తర్వాత ఆ ఇద్దరి మధ్య అదే మొదటి మాట. "సరే లెండి" అన్నాడతను. కానీ లేచి వెళ్లలేదు.

పదింటికి నర్సు ఆఖరిసారి అందరి చేతులూ పట్టుకుని చూసింది. నలుగురికీ అంతా మామూలుగానే ఉంది. అబద్ధాలు బయటపడ్డాక ఒకరి కళ్లలోకి ఒకరు చూడలేక, ఎవరి సామాను వాళ్లు సర్దుకోసాగారు. మెట్ల దగ్గర టైపిస్టు ఆవిడ పెద్ద సంచీతో అవస్థ పడుతుంటే గుమాస్తా చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండమ్మా."

"వద్దు నాయనా. గేటు దగ్గరికి మా అబ్బాయి వస్తాడు."

ఆవిడ రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగింది.

"రాడు" అంది. "పట్టుకో."