మేడగదిలో ఈల

చీకటి పడ్డాక ఆ మేడగది కింద నుంచి రేడియో పట్టుకుని ఎవరూ నడిచేవారు కాదు.

నడిస్తే — ఈల. వార్తలొస్తుంటే వార్తల మధ్యలోంచి, పాటొస్తుంటే పాట గొంతు నొక్కేస్తూ... సన్నగా ఎక్కడో మొదలై, చెవిలో దూరేది. నాలుగడుగులు వేసి మలుపు తిరిగితే మాయం.

ఆ వీధి వాచ్‌మన్ తాత చెప్పగా విన్న మాట ఇది.

ఆ గది టైలరమ్మ కూతురిది. ఉద్యోగం నుంచి రావడం, బోర్డులూ వైర్లూ ముందేసుకుని టంకం పొగలో కూర్చోవడం. మెట్లెక్కేటప్పుడు ఈల వేసేది.

"ఆడపిల్లవి, ఈలలేమిటే?" అని తల్లి తిట్టని రోజు లేదు.

మూడు రోజుల జ్వరంలో పిల్ల పోయింది. బల్ల మీద సగం కట్టిన రేడియో మిగిలింది.

తల్లి గదికి తాళం వేయలేదు. పిల్ల రాసుకున్న నోటుబుక్కు తెరిచి, ఆ రేడియో పూర్తి చేయడానికి కూర్చుంది. వేళ్ళు కాలాయి. టంకం ముద్దలు కట్టింది. ఎక్కడ ఏది తిరగేసి పెట్టిందో, మూడుసార్లు బోర్డు మాడింది.

"ఈ వయసులో ఇదేం పిచ్చి వదినా?" అంది పక్కింటావిడ.

తల్లి టంకం పెట్టే ఐరన్ మళ్ళీ వేడెక్కించింది.

ఒక రాత్రి ఇయర్‌ఫోన్‌లో స్టేషను పలికింది. దాని వెనకే — ఈల.

మెట్లెక్కుతూ పిల్ల వేసే ఈలే అనుకుంది తల్లి. ఎవరికీ చెప్పలేదు. కానీ వారం తిరక్కుండానే వీధిలో గుసగుసలు... మేడగదిలో చచ్చిపోయిన పిల్ల ఈల వేస్తోందట. రేడియోల్లో వినిపిస్తోందట.

అందరూ వణికారు. ఆవిడొక్కతే ఊపిరి పీల్చుకుంది. తనకొక్కదానికే వినిపిస్తే భ్రమ అనుకునేది. వీధంతా వింటోంది కదా! అంటే పిల్ల ఉంది. ఈ గదిలోనే ఉంది.

నాలుగు నెలలు, రోజూ రాత్రి, అక్కడే కూర్చుంది.

చివరికి ఒక రాత్రి కిందికి వంగి పిలిచింది. "తాతా... నీ రేడియో తీసుకుని ఒకసారి పైకి రా. ఇయర్‌ఫోన్‌లో లోగొంతుకతో వస్తోంది. బయటికి వినిపించాలి."

"నన్నొదిలెయ్యి తల్లీ. చావంటే భయం లేదు గానీ, దెయ్యాలంటే భయం నాకు."

"నా కూతురు నిన్నేం చేస్తుంది? ఎండలో నీకు మంచినీళ్ళిచ్చిన పిల్లేగా?"

ఆ మాటకి ఎక్కాడు. గుమ్మం దాటకుండా, చెయ్యి మాత్రం చాపి, రేడియో బల్ల మీద పెట్టాడు.

ఆవిడ తన సెట్టు బిరడా తిప్పింది.

తాత రేడియోలోంచి ఈల... గదంతా నిండింది.

ఆవిడ తన సెట్టు దగ్గరికి చెయ్యి చాపింది. ఈల స్వరం మారింది. వెనక్కి తీసింది. మళ్ళీ మొదటికొచ్చింది.

"చూశావా! పలుకుతోంది తాతా..."

తాత గుమ్మం వెనక్కి తప్పుకున్నాడు.

"అమ్మనే... ఇంకెప్పుడూ తిట్టను... ఇంకొంచెం గట్టిగా వెయ్యవే..." అంటూ బల్ల మీదికి వాలింది. మోచెయ్యి తగిలి, ఆవిడ సెట్టు బ్యాటరీ వైరు ఊడింది.

ఈల ఆగింది.

"వెళ్ళకే!" అని కేకపెట్టి, ఐరన్ ఇంకా వేడిగానే ఉంటే గబగబా టంకం పెట్టింది. ఈల తిరిగొచ్చింది.

ఆవిడ చాలాసేపు బోర్డు వంకే చూసింది. తర్వాత తన చేత్తోనే వైరు లాగింది.

ఆగింది.

ఆనించింది... వచ్చింది. తీసింది... ఆగింది. చెయ్యి చాపింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నోటుబుక్కులో కాయిల్ బొమ్మ పక్కనే పిల్ల రాసింది: ఐదు చుట్లు చాలు. ఎక్కువైతే వినాల్సిన సెట్టు తనే కూస్తుంది, చుట్టుపక్కల రేడియోలన్నిటిలోనూ దూరుతుంది. ఆవిడ వందసార్లు చదివింది. బుర్రకెక్కలేదు. బొత్తానికి నాలుగు కుట్లు ఎక్కువేసే చెయ్యి అది. ఊడిపోకూడదని ఎనిమిది చుట్లు చుట్టింది.

నాలుగు నెలలుగా ఆ వీధిని భయపెట్టిన దెయ్యం ఆవిడే.

పిల్ల అక్కడ లేదు. ఒక్క రాత్రి కూడా లేదు.

ఆవిడ వైరు వదిలేసింది. తాత రేడియోలో వార్తలు అక్షరం అక్షరం స్పష్టంగా వినబడుతున్నాయి.

తాత గుమ్మంలోంచి మెడ చాచాడు. మొహం విప్పారింది.

"పీడ వదిలిందమ్మా!" అన్నాడు.

ఆవిడ తలూపింది.