ఉగ్గాని బాగుంటే వైద్యం బంద్

"ఈడేనా నొప్పి?" అంటూ ఫిజియోథెరపిస్టు శిల్ప, మురళి మోచేతి లోపలి ఎముక మీద బొటనవేలు ఆనించింది. అతను కుర్చీలోంచి సగం లేచాడు.

"గోల్ఫర్స్ ఎల్బో," అందామె తీరిగ్గా.

"మేడం, నేను గోల్ఫ్ కట్టె ఎట్లుంటాదో కూడా చూడలేదు. తెల్లారుజామునే లేచి బొరుగులు పిండుతాండా, అంతే."

"అదే తెచ్చింది. పిడికిలి బిగించి మణికట్టు వంచే కండరాలన్నీ వచ్చి ఈ ఎముకకే అంటుకుంటాయి. ఆ కొస దెబ్బతినింది. ఆరు వారాలు పిండొద్దు."

"ఆరు వారాలా!" అన్నాడు మురళి. కర్నూలులో వాళ్ల టిఫిన్ సెంటర్‌కున్న పేరంతా మరమరాలు నానబెట్టి తాలింపేసే ఉగ్గానిదే. ఆ నానిన బొరుగులు పిండడంలో ఉంది కిటుకంతా. తక్కువ పిండితే నీళ్లు, ఎక్కువ పిండితే ముద్ద. ఆ పని అమ్మ రాజ్యలక్ష్మమ్మ చేతి నుంచి అతని చేతికొచ్చింది. ఇంకెవరికీ రాలేదు.

మర్నాడు పొద్దున శిల్ప హోటల్లో ప్రత్యక్షమైంది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది పిండింది మీ చెయ్యే," అంది.

"పరమేష్ పిండినాడు మేడం." పరమేష్ అంటే బజ్జీలు వేసే మనిషి. పాపం, తలెత్తలేదు.

"మాది కోసిగి. ఉగ్గాని తిని పెరిగినా. నా దగ్గర చెప్పొద్దు. ఇట్లే చేస్తే ఆ చేత్తో రేపు గ్లాసు కూడా ఎత్తలేరు." లేచి చేయి కడుక్కుంది. "ఇంక రోజూ వస్తా. బాగుందంటే మీరు పిండినట్లే. ఉగ్గాని బాగుంటే వైద్యం బంద్."

ఆ రోజు నుంచి పరమేష్ పిండాడు. ఒక రోజు జావ, ఒక రోజు ముద్ద. గిరాకీలు మొహాలు చిట్లించారు. శిల్ప మాత్రం మూలబల్ల దగ్గర కూర్చుని ప్లేటంతా తినేది. తిన్నాక మురళి చేయి చాపించి, అరచెయ్యి పైకి పెట్టించి, వేళ్లు పట్టుకుని మెల్లగా వెనక్కి వంచేది. కొన్నాళ్లకు అరలీటరు నీళ్ల సీసా ఇచ్చి, లెక్కపెడుతూ ఎత్తి దించమంది.

"మెల్లగా దించండి. బస్సేం పోతాలేదు."

ఆ వేళ్లు తగిలితే మురళికి అంకెలు గుర్తుండేవి కావు. "ఎంతయినాయి?" అనడిగితే, ఏడు తర్వాత మళ్లీ నాలుగు చెప్పేవాడు.

ఆరు వారాలు నిండాయి. బయట తుంపర పడుతోంది. "ఒక్క పిడికెడు పిండండి, చూస్తా," అంది శిల్ప. మురళి పిండాడు. నొప్పి లేదు. పోపు వేసి, పుట్నాల పొడి చల్లి ఆమె ముందు పెట్టాడు.

శిల్ప కళ్లు మూసుకుని తిన్నది. "శానా బాగుండాది. అంటే వైద్యం బంద్."

చేయి బాగైన సంతోషం అంతలోనే ఆవిరైంది. "అయితే రేపట్నుంచి రారా? మీరు రాకుంటే నాకు పొద్దు పొడవదు శిల్పా," అనేశాడు మురళి. మేడం అనడం మరిచిపోయాడు.

పొడి డబ్బా మూత పెడుతున్న రాజ్యలక్ష్మమ్మ నెమ్మదిగా అడిగింది.

"పాపా, పరమేష్ పిండినేది చూస్తేనే తెలిసిపోతాది గదా. ఆరు వారాలు ప్లేటు ప్లేటంతా ఎందుకు తింటివి?"

శిల్ప చెవులు ఎర్రబడ్డాయి. ప్లేటు మురళి వైపు జరిపింది.

"ఇంకొక ప్లేటు పెట్టు మురళీ," అంది. "ఇది మాత్రం పరమేష్‌తోనే పిండించు."