హోరు తీసేసిన మధ్యాహ్నం

ఎవరూ వేయని పాటలు వెతికి వేయడం నా పని. వారానికోసారి, గంటసేపు, ఓ చిన్న ఇంటర్నెట్ రేడియోలో. రంపం మీద ఫిడేలు కమాను లాగి వాయించేవాళ్లు, పాత ఫ్రిజ్ చప్పుడుకి గొంతు కలిపేవాళ్లు, ఖాళీ డబ్బాలో పడే వానని పట్టి పంపేవాళ్లు... అందరూ నాకే పంపుతారు. అమ్మ దీన్ని ఒక్కసారి కూడా సంగీతం అనలేదు. "మీ మోత అయిందా?" అని అడుగుతుంది, అంతే.

ఆ మోతని ఏరేది నేను, శుభ్రం చేసేది మా తమ్ముడు. వాడివి పాము చెవులు. మేడ మీది గదిలో గోడలకి దళసరి స్పాంజి అంటించి స్టూడియో చేసుకున్నాం. తలుపేస్తే పట్టపగలు కూడా చీకటే. వీధిలో చప్పుడు ఒక్కటి కూడా లోపలికి రాదు.

ఆ మధ్యాహ్నం పోస్టులో ఓ క్యాసెట్ వచ్చింది. పంపినవాళ్ల పేరు లేదు. చీటీ మాత్రం ఉంది. 'ఇందులోంచి ఏమీ తీసేయకండి.'

"అందరూ ఇదే రాస్తారు," అన్నాడు తమ్ముడు. నేనూ నవ్వాను. తాము చేసినదాంట్లో వెంట్రుకవాసి మార్చనివ్వని కళాకారుల్ని చాలామందిని చూశాం.

పద్దెనిమిది నిమిషాలు ఒకటే హోరు. పెరగదు, తగ్గదు. నాకు నచ్చింది. ఉన్నదున్నట్టు వేసేద్దామన్నాను. వాడు హెడ్‌ఫోన్లు తీయలేదు.

"అక్కా, దీని వెనకాల ఏదో ఉంది."

"ఉండనీరా."

"ఒక్కసారి హోరు తీసి చూస్తా."

వద్దని గట్టిగా అనాల్సింది. అనలేదు. నాకూ వినాలనే ఉంది. ఆ తప్పు ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

వాడు క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, హోరులో చిన్న ముక్క ఎంచి దానికి చూపించాడు. అలాంటిదంతా అది తుడిచేసింది. తెర మీది లావుపాటి గీత సన్నబడి దారమంత అయింది. వాడు దాన్ని స్పీకర్లలో పెట్టాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత ఊపిరి... నిదానంగా. గదిలో తడిసిన గోనెసంచి వాసన. స్పీకర్లోంచి వాసన రాదని నాకు తెలుసు. అయినా వస్తోంది.

ఊపిరి ఆగింది.

"తీసేశారా?" అంది ఓ గొంతు, మెల్లగా.

తమ్ముడు స్పీకర్ల వైరు పీకేశాడు. ఊపిరి మళ్లీ మొదలైంది. ఈసారి వాడి కుర్చీ వెనకనుంచి...

ఆ గదిలో ఫ్యాన్ లేదు. వాడి మెడ మీద వెంట్రుకలు మాత్రం కదులుతున్నాయి. వాడు కళ్లు మూసుకున్నాడు. పెదాలు బిగించి, ఆ హోరు శ్రుతినే గొంతులో పట్టాడు.

ఊపిరి వినిపించడం మానేసింది.

వాడు గాలి పీల్చుకోవడానికి ఆగాడు. వెంటనే ఊపిరి... ఇంకా దగ్గరగా. ఈసారి నేను అందుకున్నాను.

క్యాసెట్ మళ్లీ పెట్టాం. రెండు వైపులా ఖాళీ, కంప్యూటర్‌లోకి ఎక్కించిందీ ఖాళీ. ఫ్యాన్ తెచ్చి పెట్టాం, మిక్సీ తిప్పాం. లాభం లేదు. మా గొంతులే రికార్డు చేస్తే అదీ ఖాళీగానే వచ్చింది. మేము హోరు అనుకున్నది కూడా ఎవరిదో గొంతేనని అప్పుడు అర్థమైంది. పద్దెనిమిది నిమిషాలు గాలి పీల్చుకోకుండా శ్రుతి పట్టిన మనిషి గొంతు.

తమ్ముడు ఎక్కడికి వెళితే అదీ అక్కడికే వచ్చింది. నా వెనక ఎప్పుడూ నిలబడలేదు. వాడి వెనకే. శ్రుతికీ శ్రుతికీ మధ్య ఎడం కాస్త ఎక్కువైతే చాలు, వాడి చెవి మీద తడి తగిలేది. మా శ్రుతి తెగితే వాడు నాకు దక్కడని భయం పట్టుకుంది. వంతులేసుకున్నాం. వాడు నిద్రపోతే నేను, నేను తింటుంటే వాడు. తలుపు తెరిచి ఉన్నప్పుడు కిందనుంచి అమ్మ "మీ మోత అయిందా?" అని అరిస్తే, వాడు జవాబుగా శ్రుతి ఇంకాస్త పెంచేవాడు.

ఆరో రోజు మధ్యాహ్నం వాడు కుర్చీలోనే ఒళ్లెరగకుండా నిద్రపోయాడు. నేను ఎదురుగా కూర్చుని శ్రుతి పట్టాను. గొంతు పుండైపోయింది. ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు.

ఉలిక్కిపడి లేచాను. హోరు ఆగలేదు. వాడు అందుకున్నాడనుకుని నా ప్రాణం కుదుటపడింది.

వాడి వైపు చూశాను. నోరు తెరుచుకుని ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

హోరు వాడి కుర్చీ వెనకనుంచి వస్తోంది. మా శ్రుతిలోనే... ఎక్కడా తెగకుండా. అది ఇప్పుడు ఇంకెవరి ఊపిరిని వినపడనీయకుండా చేస్తోందో నాకు తెలియలేదు.

అప్పుడు నా మెడ వెనక వెంట్రుకలు కదిలాయి.