ముందు స్విచ్ ఆపండి

మార్కాపురంలో పలకల రాయి కోసే మిషన్లు తయారుచేసే షెడ్డు అది. జీవన్ కుమార్ నోరు కట్టేసుకుని ఒక మూల నిలబడ్డాడు. మిషన్‌తో పాటు ఇచ్చే పుస్తకం రాసింది అతనే. సరోజమ్మ ఆ పుస్తకం చూసుకుంటూ మిషన్ నడపాలి, రాసినవాడు మాత్రం పెదవి కదపకూడదు. ఆ రూలు పెట్టింది ఆమె కూతురు సుప్రియ. ఆఫీసులో అతని పక్క సీటే. సోమవారం నుంచి ఈ మిషన్ మీద పనిచేయబోయేది సరోజమ్మే.

"నీ పుస్తకంలో ఓనరు చరిత్ర ఉంది, కరెంటు పుట్టుక ఉంది. రాయి ఇరుక్కుంటే ఏం చెయ్యాలో ఏడుంది?" అని పొద్దున్నే నిలదీసింది సుప్రియ.

"చివర్లో ఉంది. ఓపిగ్గా చదివితే దొరుకుతాది."

"మా అమ్మ చదివేదానికి రాలే. రాయి కోసేదానికి వచ్చింది."

అబ్బ, ఆ కళ్ళు అట్ల చూస్తే ఎవడైనా పుస్తకం మొత్తం చించేస్తాడు. కానీ నెలల తరబడి రాసిన పుస్తకమాయె. జీవన్‌కి రోషం వచ్చింది.

మిషన్ మొదలైంది. రాయి సగం తెగి రంపంలో ఇరుక్కుంది. సరోజమ్మ గబగబా పేజీలు తిప్పింది. ముందుమాట, భాగాల పేర్లు, మళ్ళీ ఇంకేదో బొమ్మ. మోటారు మూలుగుతోంది. ఆమె విసుక్కుని పుస్తకం పక్కన పడేసి, రాయిని లాగడానికి చెయ్యి చాచింది.

"అత్తా, చెయ్యి తియ్యి!"

జీవన్ ఒక్క ఉరుకున పోయి స్విచ్ ఆపాడు. సరోజమ్మకు ఏమీ కాలేదు.

సుప్రియ అమ్మ వేళ్లు తడిమి చూసుకుని, అతని వైపు తిరిగింది. "ప్రతి షెడ్డులో పక్కన నిలబడి అరుస్తావా?"

"లేదు. తప్పు నాదే."

ఒక తెల్ల కాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాడు. రాయి ఇరుక్కుంటే ముందు స్విచ్ ఆపండి. తర్వాతే చెయ్యి పెట్టండి. దాన్ని స్విచ్ పైనే అతికించాడు. ఈసారి రాయి ఇరుక్కున్నప్పుడు సరోజమ్మ అది చూసింది, స్విచ్ ఆపింది, రాయి తీసి మళ్ళీ పనిలో పడింది. ఎవరూ ఏమీ చెప్పాల్సి రాలేదు.

"సరే గానీ," సుప్రియ గొంతు తగ్గించింది. "నిన్నటిదాకా సరోజమ్మగారూ అన్నోడివి, ఇందాక అత్తా అన్నావేంది?"

జీవన్ దొరికిపోయాడు. ఇంక దాచి లాభం లేదు.

"నువ్వంటే నాకు ప్రాణం సుప్రియా. మీ నాయనను అడుగుతా."

"కాదంటే?"

"మళ్ళీ వచ్చి అడుగుతా."

సుప్రియ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. సరోజమ్మ రాయి మీద నుంచి తల ఎత్తలేదు.

"ఆదివారం ఆరాధన అయినాక ఆయన ఇంటికాడనే ఉంటాడు. రా అల్లుడా," అంది.