తోక లేని పేరు

జైమిన్ ఖీమ్‌పురాలో బస్సు దిగిన పావుగంటకే రెండు దెబ్బలు తిన్నాడు. ఒకటి ఆవు కొట్టింది, రెండోది ఆవు యజమానురాలు మాటతో కొట్టింది.

అతను చేసిన నేరం పెద్దదేమీ కాదు. ముప్పై ఆరు ఆవులున్న పాకలోకి అడుగు పెట్టి, గంబూట్లు వేసుకుని పేడ ఎత్తుతున్న అమ్మాయికి ఇంటర్న్‌షిప్ కాగితం చూపించి, "హీరల్ అంటే మీరేనా?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడే పక్కనున్న నలుపు తెలుపు మచ్చల ఆవు కాబరీ తోక విసిరి చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ తోక ఎంత శుభ్రంగా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

"దెబ్బ ఎందుకు పడిందో తెలుసా? మా ఊళ్ళో ఆడపిల్ల పేరు తోక లేకుండా పిలవరు. హీరల్‌బెన్ అనాలి" అంది ఆ అమ్మాయి, చేతిలో పార ఆపకుండా.

జైమిన్ చెంప తుడుచుకున్నాడు. "సూరత్‌లో మేం మా వయసు వాళ్ళని పేరు పెట్టే పిలుచుకుంటాం."

"అయితే సూరత్‌కి వెళ్ళాక పిలుచుకో, జైమిన్‌భాయ్."

బెన్ అంటే అక్కో చెల్లెలో. భాయ్ అంటే అన్నో తమ్ముడో. బస్సులో టికెట్ కొట్టేవాడి దగ్గర నుంచి బడిలో పంతులమ్మ దాకా అందరి పేర్ల వెనకా ఆ తోకలు వేలాడుతూనే ఉంటాయి, ఎవరూ వాటి అర్థం ఆలోచించరు. జైమిన్ కూడా అంతవరకూ ఆలోచించలేదు. డెయిరీ కోర్సులో మూడో ఏడు చదివే కుర్రాడికి ఒక మాట వెనక అతుక్కున్న ముక్క గురించి నిద్ర పట్టకుండా పోతుందని ఎవరు అనుకుంటారు?

ఆ సాయంత్రం హీరల్ తండ్రి లాల్జీభాయ్ చౌధరి అతన్ని పిలిచి నులకమంచం మీద కూర్చోబెట్టాడు. ఆయన ఊరి పాల సంఘానికి సెక్రటరీ. మాటలు కూడా కొలిచి పోసినట్టు ఉంటాయి.

"నలభై రోజులు ఉంటావు. మా ఇంట్లో నియమాలు రెండే. మెడలో ఎర్ర గుడ్డ ఉన్న ఆవు పాలు సంఘం పాలల్లో కలవకూడదు. ఆడపిల్ల పేరు వెనక బెన్ ఊడిపోకూడదు. మొదటిది తప్పితే ఊరికి నష్టం, రెండోది తప్పితే ఇంటికి నష్టం."

మొదటిది జైమిన్‌కి చదువులో ఉన్నదే. జబ్బు చేసిన ఆవుకి ఇంజెక్షన్ ఇస్తే మందు నాలుగు రోజుల పాటు పాలల్లో దిగుతుంది. ఆ పాలు పారబోయాల్సిందే. ఎవరూ మరిచిపోకుండా ఆవు మెడకి ఎర్ర గుడ్డ కడతారు. పోయినేడు ఒక ఇంటివాళ్ళు ఏమరుపాటున అలాంటి పాలు పోశారు. సంఘం ట్యాంకులో రెండు వందల ఇళ్ళ పాలు కలిసి ఉన్నాయి. పై డెయిరీ వాళ్ళు పరీక్ష చేసి మొత్తం వెనక్కి పంపారు. ఆ ఇంటి క్యాన్‌ని నెల రోజులు సంఘం గడప తొక్కనివ్వలేదు. రేపు నా ఇంటి క్యాన్ అయినా ఇంతే అని లాల్జీభాయ్ అందరి ముందూ అన్నాడు. ఆ ఇంటాయన ఇప్పటికీ తల వంచుకునే నడుస్తాడట. ఇదంతా హీరల్ చెప్పింది, చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతులో వేళాకోళం లేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి పాలు పితకడం, ఎనిమిదింటికి పాక కడగడం, మధ్యాహ్నం గడ్డి కోయడం, మళ్ళీ సాయంత్రం పాలు. మొదటి వారం జైమిన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. రెండో వారం నుంచి హీరల్ వెక్కిరింపులు వినపడకపోతే పని తోచడం మానేసింది.

ఆదివారాలు చుట్టుపక్కల ఊళ్ళు చూపించే బాధ్యత హీరల్ తల్లి రతన్‌బెన్ తీసుకుంది. ఊరంతా ఆమెని బా, అంటే అమ్మ, అనే పిలుస్తారు, జైమిన్ కూడా అంతే; లాల్జీభాయ్‌ని కాకా, అంటే బాబాయి, అంటాడు. బలరామ్ నదికి వెళ్ళినా, మోఢేరా సూర్యగుడికి వెళ్ళినా, పాటణ్ మెట్లబావికి వెళ్ళినా బస్సులో ముగ్గురి సీటే. కిటికీ పక్కన హీరల్, ఇటు చివర జైమిన్, మధ్యలో బా, ఆవిడ ఒళ్ళో తెప్లాలనే మెంతి రొట్టెల డబ్బా. ఆ డబ్బా మీదుగా మాట్లాడుకోవడం ఇద్దరికీ బాగా అలవాటైపోయింది. బా ఆ దారిలోనే జైమిన్ తాతది విస్‌నగర్ వైపు అనీ, వాళ్ళూ చౌధరీలేననీ, ఇంట్లో ఇంకా ఏ సంబంధమూ అనుకోలేదనీ ఒక్కొక్కటే లాగింది. పాపం అతను ఏదో కాలక్షేపానికి అడుగుతోందనుకున్నాడు.

పాటణ్ నుంచి వస్తుంటే బా పెద్దల్లుడి మాట తెచ్చింది. హీరల్ పగలబడి నవ్వింది.

"మా బావ పెళ్ళికి ముందు రోజు వరకు ప్రకాశ్‌భాయ్. తెల్లారేసరికి ప్రకాశ్‌కుమార్ అయిపోయాడు. మా బా దగ్గర కుమార్ తోక అల్లుళ్ళకే. ఆ తోకతో పాటు రొట్టె మీద రెండో చెంచా నెయ్యి కూడా వస్తుంది."

"మరి నాకెప్పుడూ ఒక చెంచాయే వేస్తారేం?" అన్నాడు జైమిన్ నోరు ఊరుకోక.

హీరల్ నవ్వు ఆపి కిటికీ వైపు తిరిగింది. బా మాత్రం డబ్బా మూత సర్దుకుంటూ కూర్చుంది.

చివరి ఆదివారం అంబాజీ అమ్మవారి గుడి. శనివారం అతను వెళ్ళిపోవాలి. గబ్బర్ కొండ ఎక్కే రోప్‌వే చూసి బాకి కళ్ళు తిరిగాయి. మీరిద్దరూ వెళ్ళి దణ్ణం పెట్టుకు రండి అని కిందే కూర్చుంది. ముప్పై అయిదు రోజుల తర్వాత, మధ్యలో తెప్లాల డబ్బా లేకుండా, రోప్‌వే పెట్టెలో ఎదురెదురుగా ఇద్దరే. దారంతా మనసులో వల్లించుకున్న మాట జైమిన్ మొదలుపెట్టాడు.

"హీరల్‌బెన్, నీతో ఒక మాట చెప్పాలి."

ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూసింది. మొహంలో నవ్వు లేదు. "ఆ తోక పెట్టుకుని చెప్పే మాటయితే చెప్పకు."

పెట్టమన్నది తనే కదా. తీసెయ్యమంటోందా, నోరు మూసుకోమంటోందా? తోక తీస్తే లాల్జీభాయ్ ఉప్పు తిని మాట తప్పినవాడవుతాడు. అతను ఆలోచించడం పూర్తయ్యేలోపు కొండ వచ్చేసింది. తిరుగు ప్రయాణంలో హీరల్ కిటికీలోంచి చూపు తిప్పలేదు.

బా ఆవుల కోసం అంబాజీ అమ్మవారి చుందడీ కొన్నది. ఎర్రటి గుడ్డే, అయినా అంచున బంగారు జరీ ఉంది కదా, జబ్బు గుడ్డతో కలవదనుకుంది. ఇంటికి వచ్చేసరికి మసక పడింది. లాల్జీభాయ్ పొరుగువాళ్ళ సాయంతో పాలు పితికించి క్యాన్లతో సంఘానికి వెళ్ళిపోయాడు. బా చుందడీని పేలికలుగా చింపి ఒక వైపు నుంచి ఆవుల మెడలకి కట్టుకుంటూ వచ్చింది, రెండో వైపు నుంచి హీరల్ కట్టింది. మధ్యలో కాబరీ దగ్గరికి వచ్చేసరికి మెడలో ఎర్ర గుడ్డ కనిపించింది. కూతురు కట్టిందనుకుంది తల్లి, తల్లి కట్టిందనుకుంది కూతురు.

సోమవారం చీకటితోనే జైమిన్, హీరల్ చెరో వరుసా పాలు పితికారు. నాలుగు క్యాన్లూ టెంపోలో ఎక్కించుకుని హీరల్ సంఘానికి బయల్దేరింది. జైమిన్ పైపు పట్టుకుని పాక కడగడం మొదలుపెట్టాడు. అప్పుడే ఎండ పాకలోకి వచ్చింది. ఆవుల మెడల్లో జరీ అంచులు వరుసగా మెరిశాయి. కాబరీ మెడలో ఏమీ మెరవలేదు.

దగ్గరికెళ్ళి పట్టుకుని చూశాడు. జరీ లేదు. పాత ఎర్ర చీర ముక్క. పొదుగు ఒక వైపు వాచి వేడిగా ఉంది. పితికేటప్పుడు హీరల్ ధ్యాసలో అది పట్టించుకోనే లేదు.

నిన్న వాళ్ళు అంబాజీలో ఉండగా డాక్టర్ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి ఉంటాడు. లాల్జీభాయ్ ఆ పాలు పారబోసి, గుడ్డ కట్టి ఉంటాడు. గుడ్డ కట్టాక నోటితో చెప్పేది ఏముంటుంది ఆ ఇంట్లో? కాబరీ జైమిన్ వరుసలోది. పితికింది అతనే, పోసింది అతనే, ఏ క్యాన్‌లో పోశాడో గుర్తు లేదు.

హీరల్‌కి ఫోన్ చేశాడు. పాక గుంజకి తగిలించిన సంచిలో అది మోగింది. లాల్జీభాయ్ పాలు పోసే వేళ ఫోన్ ఎత్తడు. జైమిన్ పైపు వదిలేసి పరుగెత్తాడు.

సంఘం కిలోమీటరున్నర. కాళ్ళకి గంబూట్లు, ఒక్కొక్కటీ మణుగు బరువు. జొన్న చేల గట్ల మీద పడుతూ లేస్తూ పరుగెడుతుంటే బుర్రలో ఒక్కటే లెక్క. వేళకి అందితే హీరల్ చెవిలో చెప్పి, ఏదో వంకతో క్యాన్లు వెనక్కి తెచ్చేయొచ్చు. లాల్జీభాయ్ తల వంగక్కర్లేదు. ట్యాంకులో పడితే మాత్రం రెండు వందల ఇళ్ళ పాలు కాలవ పాలు. రేపటి నుంచి ఆ ఇంటి ఆడపిల్ల క్యాన్ పట్టుకుని ఆ గడప ఎక్కలేదు.

సంఘం ముందు డెబ్బై మంది దాకా వరుసలో ఉన్నారు. అరుగు మీద లాల్జీభాయ్. ట్యాంకు మూతి దగ్గర హీరల్ మొదటి క్యాన్ ఎత్తి, వడపోత గుడ్డ మీదికి వంచబోతోంది. చెవిలో చెప్పే వ్యవధి లేదు.

"హీరల్, ఆగు!"

ఆమె ఆగింది. ఆగు అన్నందుకు కాదు, తోక లేని పేరు విని ఆగింది. వరుసలో ఉన్నవాళ్ళందరూ ఆగిపోయారు. ఎవరి చెంబులోంచో పాలు కారుతున్న చప్పుడు వినబడింది. సెక్రటరీ కూతుర్ని, ఊరి నడిబొడ్డున, పరాయి కుర్రాడు, ఉత్త పేరుతో.

లాల్జీభాయ్ లేచి నిలబడ్డాడు. "ఏమన్నావు?"

జైమిన్‌కి ఊపిరి అందడం లేదు. "కాబరీ మెడలో ఉన్నది చుందడీ కాదు కాకా, మీరు కట్టిన గుడ్డ. చూసుకోలేదు. నేనే పితికాను."

ఆయన మెట్లు దిగి వచ్చి కూతురి చేతిలో క్యాన్ తీసుకున్నాడు. ఒక్క మాట అనకుండా, అందరూ చూస్తుండగా, నాలుగు క్యాన్లూ ఒకదాని తర్వాత ఒకటి కాలవలో వంచాడు. చివరి క్యాన్ బోర్లించి, "ఇంటికి పదండి, నేను పని ముగించుకుని వస్తా" అన్నాడు.

టెంపోలో హీరల్ రోడ్డు వైపే చూస్తూ నడిపింది. ఇంటికి వచ్చాక జరిగింది విని బా తల పట్టుకుని కూర్చుంది. తప్పంతా తన చుందడీదేనని, ముందు తన మెడకి కట్టుకోవాల్సిందని ఏడ్చింది. జైమిన్ వెళ్ళి బ్యాగ్ సర్దుకున్నాడు. శనివారం దాకా ఎవరు ఉండనిస్తారు?

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. లాల్జీభాయ్ వచ్చి చెప్పులు విడిచి, నులకమంచం మీద కూర్చుని జైమిన్‌నీ హీరల్‌నీ పిలిచాడు. సర్దిన బ్యాగ్ ఆయన కంట పడింది.

"వచ్చిన రోజు రెండు నియమాలు చెప్పాను."

"చెప్పారు కాకా."

"మొదటిది ఎలాగో నిలబెట్టావు. రెండోది ఊరందరి ముందు తప్పావు. కంగారులో నోరు జారిందంటే నమ్ముతాను. ఊరికీ అదే చెప్తాను. నువ్వు నీ సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపోవచ్చు. అంతేనా?"

అవును అంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి. సర్టిఫికెట్ వస్తుంది, లాల్జీభాయ్ మర్యాద నిలుస్తుంది, శనివారం బస్సు ఉంది. హీరల్ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వేళ్ళు తలుపు చెక్కని గట్టిగా నొక్కుతున్నాయి.

"కాదు కాకా" అన్నాడు జైమిన్. "నోరు జారలేదు. ఇన్నాళ్ళూ బెన్ అని నోటితో అన్నాను గాని మనసుతో ఒక్కసారీ అనలేదు. పొద్దున కంగారులో మనసులో ఉన్నదే పైకి వచ్చింది. మీ మాట తప్పాను, వెళ్ళమంటే వెళ్తాను. అబద్ధం మాత్రం చెప్పను."

లాల్జీభాయ్ కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

బయట రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి. ఆమె వచ్చి, అతని బ్యాగ్ తీసి లోపల పెట్టి, తండ్రి ముందే అతన్ని చూసి అంది.

"చేతులు కడుక్కో, జైమిన్. రొట్టెలు చల్లారిపోతున్నాయి."

భాయ్ లేదు. జైమిన్‌కి ఆ మాట ఒకటికి రెండుసార్లు వినబడింది. బా కొంగుతో కళ్ళు తుడుచుకుని, సూరత్‌లో వాళ్ళమ్మతో తను పోయిన వారమే ఫోన్‌లో మాట్లాడేశానని, ఆవిడ చాలా మంచిదని మెల్లగా బయటపెట్టింది. లాల్జీభాయ్ భార్యని ఒక చూపు చూసి, ఇంటర్న్‌షిప్ కాగితం తెమ్మన్నాడు.

ఆయన మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు రాశాడు. జైమిన్ తీసుకుని చదివాడు. 'జైమిన్‌కుమార్ మా పశువుల దగ్గర పని నేర్చుకున్నాడు. పాల విషయంలో నమ్మదగినవాడు.' కింద సంతకం, సంఘం ముద్ర.

"కాకా, కాలేజీలో నా పేరు ఉత్త జైమిన్ అనే ఉంది" అన్నాడు అతను, కాగితం మీద పేరు చూపిస్తూ. "ఇలా రాస్తే వాళ్ళు ఒప్పుకోరు."

"కాలేజీకి శనివారం ఇంకోటి రాసిస్తా. ఇది మీ నాన్నకి చూపించు."

వాన జోరందుకుంది. బా కంచం పెట్టి, సజ్జ రొట్టె మీద ఒక చెంచా నెయ్యి వేసింది. హీరల్ గుమ్మంలోంచి చూస్తుండగా, రెండో చెంచా కూడా వేసింది.