గుండ్రని కిటికీ

తరగతి గది బోర్డు మీద సుద్దముక్కతో ఒకే ఒక్క వాక్యం: "ఇవాళ జల్లు పడుతుందా?"

దాని కింద గొడుగు బొమ్మ.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అది చదివింది. సంచీ బెంచీ మీదే వదిలేసి బయటికి నడిచింది. మధ్యాహ్నం రెండయినా ఇంటికి చేరలేదు.

ఇన్‌స్పెక్టర్ బోర్డుకి ఫొటో తీయించి, ఆ పిల్లకి వైద్యం చేస్తున్న హిప్నోథెరపిస్ట్ క్లినిక్‌కి వచ్చాడు. అప్పటికే తల్లి అక్కడ చేరి డాక్టర్‌ని కడిగి పారేస్తోంది.

"నా పిల్ల గుట్టు రట్టు చేశారు! సెషన్లో తన మాటల రికార్డింగ్ ఎవరికి వినిపించారు?"

"ఎవరికీ లేదమ్మా. నా లాకర్‌లోనే ఉంది."

"ఇంతకీ ఆ గుట్టేమిటి?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

తల్లి నేలచూపులు చూసింది. డాక్టరే చెప్పాడు. పద్నాలుగేళ్లొచ్చినా, భయం ఎక్కువైన రాత్రి పిల్ల పక్క తడుపుతుంది.

వెనక కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లెర్రజేశాడు గానీ, తన పెదవి కూడా కాస్త వంకర తిరిగిందని ఆయనకి తెలుసు. తల్లి అది చూడనే చూసింది. ఆయనకి సిగ్గేసింది.

"నయమవుతోందా?" గొంతు సర్దుకుని అడిగాడు.

"నెల నుంచి ఒక్క జల్లు లేదండీ!" ఆమె ముఖం క్షణం పాటు వెలిగింది.

"ఏం చేస్తారు డాక్టర్‌గారూ? గడియారం ఊపి నిద్రపుచ్చుతారా?"

"అదంతా సినిమాల్లోనండీ. కళ్లు మూసుకుని, తనకి భయం లేని చోటు ఊహించుకోమంటాను. పడుకునే ముందు అక్కడ కూర్చుని మనసుకి ధైర్యం చెప్పుకుంటుంది. అసలు మాట నోటితో అనాలంటే పిల్లలు సిగ్గుతో చచ్చిపోతారు. అందుకని దానికి మారుపేరు పెట్టుకోమంటాను. తను పెట్టుకున్న పేరు 'వాన'. ఏ సెషన్‌లో విన్నా అదే."

"ఆ భయం లేని చోటేది?"

డాక్టర్ తటపటాయించాడు. "అది బయటపెట్టకూడదు."

"పిల్ల కనబడ్డం లేదు డాక్టర్‌గారూ."

"గుండ్రని కిటికీ అంది. దాని వెనక నీళ్లు సుడి తిరుగుతుంటాయట. వెచ్చగా ఉంటుందట."

"ఓడ!" కానిస్టేబుల్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "రేవుకి జీపు పంపమంటారా సార్?"

"ఆగవయ్యా. డాక్టర్‌గారూ, వాసన ఏమైనా చెప్పిందా?"

"సబ్బు వాసన."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "స్కూలు దగ్గర్లో వాషింగ్ మెషిన్లున్న లాండ్రీ ఎక్కడుంది?"

స్కూలు వెనక వీధిలోనే ఉంది. తల్లినీ డాక్టర్‌నీ వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టర్ అక్కడికి వెళ్లాడు. ఒకే వరసలో మెషిన్లు, ఒక్కోదానికి గుండ్రటి గాజు తలుపు. చివరి మెషిన్ ముందు యూనిఫాంలో పిల్ల కూర్చుని ఉంది. పొద్దున్నించీ దుప్పట్లు మడత పెడుతూనే ఉందని, పాపం అన్నం కూడా ముట్టలేదని లాండ్రీ ఆవిడ చెప్పింది.

తల్లి పరుగెత్తబోయింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆపాడు.

"ఒక్క నిమిషమమ్మా. మీ ఫిర్యాదు సంగతి తేల్చుకుందాం."

"తేల్చేదేముంది? డాక్టర్‌ని పట్టుకోండి."

"ఆయన దగ్గర్నుంచి పొక్కితే బోర్డు మీద 'వాన' అని ఉండాలి. 'జల్లు' అని ఉంది. ఇవాళ ఆ మాట నేను ఒక్కరి నోటే విన్నాను."

తల్లి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరితో అన్నారు?"

"మా స్నేహితురాలితో... ఫోన్లో. వాళ్లబ్బాయిదీ ఇదే క్లాసు." ఆమె డాక్టర్ వైపు తిరిగింది. "తగ్గిపోయిందని చెప్పానండీ. సంతోషం పట్టలేక చెప్పాను. చెడ్డగా ఒక్క మాటైనా అనలేదు."

డాక్టర్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. కేసు తేలితే ఇన్‌స్పెక్టర్ మీసం మీదికి చెయ్యి దానంతటదే పోతుంది. ఇవాళ పోలేదు. దారి వదిలి పక్కకి జరిగాడు.

తల్లి వెళ్లి కూతురి ముందు నిలబడింది. పిల్ల తలెత్తలేదు.

"బోర్డు చూడగానే తెలిసిందమ్మా. ఆ మాట మనింట్లోది."

"తగ్గిందనే చెప్పానే తల్లీ..."

"తగ్గిందని చెప్పాలంటే, ముందు ఉందని చెప్పాలి కదమ్మా."

మెషిన్ ఆగింది. పిల్ల తలుపు తెరిచి, లోపలే ఆరిన పెద్ద దుప్పటి ఒకటి లాగింది. ఒక్కతే మడత పెట్టలేక ఒక కొస తల్లి వైపు చాచింది.

"ఇదెవరిదే?" ఏదో ఒకటి అడగాలని అడిగింది తల్లి.

"తెలీదు. ఇక్కడ ఏది ఎవరిదో ఎవరికీ తెలీదు. అందుకే వస్తాను."

తల్లి కొస పట్టుకుంది. దుప్పటి మడతలు పడి చిన్నదవుతూ ఇద్దరినీ దగ్గరికి తెచ్చింది. చేతులు కలిశాయి గానీ, కూతురి ముఖంలోకి చూడ్డానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.