పంతొమ్మిది చప్పుళ్లు

రేసు ట్రాక్ వెనకాల వరసగా ఉన్న షెడ్లలో మూడోదానికి మంచి పేరు లేదు. పగలు చూస్తే తాళం వేసి ఉంటుంది. చీకటి పడ్డాక అటు వెళ్తే మాత్రం లోపల్నుంచి చప్పుడు... టక్. కాసేపాగి మళ్లీ... టక్. గేటు దగ్గర కాపలా ముసలాయన ఓసారి ధైర్యం చేసి లెక్కపెట్టాడట. సరిగ్గా పంతొమ్మిది. తర్వాత నిశ్శబ్దం. మళ్లీ మొదట్నుంచి పంతొమ్మిది.

మరి తలుపు తీసి చూడలేదేం అని నేనడిగితే, ఇంటికెళ్లి దుప్పటి ముసుగేసుకున్నానన్నాడు. నేను టైర్ల కొట్టు నడుపుకునేవాణ్ణి. ఇలాంటివి విని నవ్వేసి ఊరుకుంటాను. కానీ ఈసారి చెప్పింది మా బావమరిది. పాడైన కార్లని లాక్కెళ్లే బండి నడుపుతాడు వాడు. బొద్దింకని చూస్తే మంచం ఎక్కే రకం. అలాంటివాడు ఆ షెడ్డులోకి వెళ్లొచ్చాడు!

ముందు ఆ షెడ్డు సంగతి చెప్పాలి. రంగులాయన అక్కడ పనిచేసేవాడు. ట్రాక్ మీద తిరిగే కార్ల చక్రాలకి రంగు వేయడమే ఆయన పని. ఒక్కతే కూతురు, అమ్మడూ అని పిలిచేవాడు. రేసుల్లో కారు నడిపేది. ఆమె చక్రాలకి ఎప్పుడూ తెల్లరంగే వేసేవాడు. తెలుపు మీదైతే వెంట్రుకంత పగులు వచ్చినా నల్లగీతలా కనబడిపోతుందని. అందం కోసం కాదు, పిల్ల క్షేమం కోసం.

ఆ పనిలో ఒక్క జాగ్రత్త ఉంది. నట్టు కూర్చునే గుంటలో రంగు పడకూడదు. పడితే బ్రేకుల వేడికి ఆ పొర మెత్తబడి నట్టు వదులైపోతుంది. అందుకని మిగతావాళ్లు టేపు అతికిస్తారు. ఈయన మాత్రం అమ్మడు చిన్నప్పుడు ఆడుకున్న గోలీలు పెట్టేవాడు. గుంటకొకటి. చక్రానికి అయిదు, నాలుగు చక్రాలకి ఇరవై. కొలిచి చేసినట్టు కూర్చునేవి. పనయ్యాక ప్రతిసారీ వాటి రంగు కడిగి డబ్బాలో దాచేవాడు.

ఆ రోజు పొద్దున్నే అమ్మడు వచ్చి, ఆరిన చక్రాల మీది గోలీలు తనే ఏరి డబ్బాలో పోసి, చక్రాలు బిగించుకుని వెళ్లింది. మలుపులో ముందు చక్రం ఊడింది. కారు గోడకి కొట్టుకుంది... పిల్ల దక్కలేదు.

ఇరుసు విరిగిందని పరీక్ష చేసినవాళ్లు చెప్పారు. రంగులాయన వినలేదు. మర్నాడే షెడ్డుకి తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. ఆ తర్వాతే ఈ చప్పుళ్లు మొదలయ్యాయి. అమ్మడే తిరుగుతోందన్నారు జనం.

రెండేళ్లు గడిచాయి. పోయిన వారం మా బావమరిది ఎవరి కారో దింపి, ఖాళీ బండితో రాత్రి ఆ దారినే వస్తున్నాడు. సరిగ్గా మూడో షెడ్డు ముందు... కాళ్ల దగ్గర ఏదో దొర్లింది. బ్రేకు కింద ఇరుక్కుంటే కొంప మునుగుతుందని బండి ఆపి, వంగి తీసి జేబులో వేసుకున్నాడు. ఇంజను ఆగింది కదా, అప్పుడు వినబడింది.

టక్...

తలుపుకి తాళం లేదు. ఓరగా తీసి ఉంది. పారిపోబోయినవాడు ఆ సందులోంచి తొంగి చూశాడట. లోపల నేల మీద చిన్న లైటు. నాలుగు పాత తెల్ల చక్రాలు పడుకోబెట్టి ఉన్నాయి. వాటి మధ్య మోకాళ్ల మీద ఒక ఆకారం... జుట్టు భుజాల దాకా వేలాడుతోంది.

"పదిహేడు... పద్దెనిమిది... పంతొమ్మిది..."

చివరి గుంట దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ ఖాళీ గుంటని వేలితో తడుముతూ ఉండిపోయింది.

మా వాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆకారం మెల్లగా తల తిప్పింది. చూస్తే... రంగులాయన! మనిషి చిక్కి సగమైపోయాడు గానీ, బతికే ఉన్నాడు.

"ఒకటి పెట్టడం మరిచిపోయాను బాబూ," అన్నాడు గుసగుసగా. "నా పిల్లని నేనే చంపుకున్నాను."

పిల్ల పోయిన రాత్రి డబ్బా బోర్లిస్తే పంతొమ్మిదే ఉన్నాయట. ఇరవయ్యోది అంతకుముందే ఎక్కడో పోయింది, తను చూసుకోకుండా ఒక గుంటకి రంగు కొట్టేశాడు, ఇరుసు మాట తన మొహం చూసి చెప్పిన అబద్ధం... ఇదీ ఆయన నమ్మకం. చక్రం నుజ్జయిపోయింది కాబట్టి చూసుకుందామన్నా ఏమీ మిగల్లేదు. అందుకే రాత్రిళ్లు వచ్చి పెట్టి చూసుకుంటున్నాడు. ఎన్నిసార్లు పెట్టినా పంతొమ్మిదే.

మా వాడి చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఆ రోజు అమ్మడి కారుని లాక్కొచ్చింది వాడే. సీటు సందులో గోలీ దొరికింది. అదేమిటో తెలియలేదు, పారేయబుద్ధి కాలేదు, తన బండిలోనే ఉంచుకున్నాడు. ఇప్పుడు తీసి, లోపలికి వెళ్లి లైటు దగ్గర పెట్టాడు.

సగం నీలం గాజు. సగం తెల్లరంగు.

రంగులాయన దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తెల్లరంగు పడిందంటే ఆ రోజు అది గుంటలోనే ఉంది. ఆయన మరిచిపోలేదు. ఏరేటప్పుడు అమ్మడే దాన్ని తీసుకుని కారెక్కింది. చిన్నప్పుడు ఆ నీలం గోలీని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదట.

"రెండేళ్లూ నీ దగ్గరే ఉందా?" అన్నాడు. మా వాడు తల దించుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయానన్నాడు నాతో.

పెద్దాయన గోలీని చివరి గుంటలో పెట్టాడు. టక్. "ఇరవై," అన్నాడు. "అయితే పిల్ల నా వల్ల పోలేదు."

కాసేపటికి, "అయినా పోయింది కదా..." అని చక్రం మీద తల ఆనించి ఏడ్చాడు. ఇన్నాళ్లూ తన తప్పుని తలుచుకుని కుమిలాడు. పిల్ల కోసం ఏడవడం అదే మొదలు. మా వాడు తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ షెడ్డులో చప్పుడు లేదు. దెయ్యమూ లేదు గియ్యమూ లేదు, కన్నతండ్రి అంతే, అని కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నాను. ఒక్క సంగతి మాత్రం చెప్పడం లేదు.

"ఆ గోలీని బండి అద్దం కింద జిగురేసి అతికించాను బావా," అన్నాడు మా బావమరిది. "రెండేళ్లలో ఎన్ని గతుకుల్లో పడ్డా కదల్లేదు."

నన్ను బండెక్కించి ఆ చోటు చూపించాడు. జిగురు గుండ్రంగా, గోలీ కూర్చున్నంత మేర అలాగే ఉంది. వేలు పెట్టి చూశాను... ఇంకా గట్టిగానే ఉంది.